పైథాన్ లెక్కలో ‘వికటకవి’ వికటకవి కాదట!

పలకాబలపం
నమస్కారం అండీ. హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా అబ్బాయి సెలవుల్లో కాస్త పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) నేర్పించి హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. పిల్లల కోసం చిన్న ఆట రాస్తున్నాను: మాట ఇస్తే అది ఎటు చదివినా ఒకేలా ఉంటుందో లేదో చెప్పాలి. మాటని తిప్పేసి, అసలు మాటతో పోల్చడమే. నటన, జలజ, సరస, మడమ ఇస్తే ‘అవును’ అంది. సంబరపడి వికటకవి ఇచ్చాను. ‘కాదు’ అంది! తెనాలి రామకృష్ణుడికే ఎసరు పెట్టేసింది. కునుకు కూడా కాదట.

ఇంకో గొడవ. మాటలన్నీ నోట్‌ప్యాడ్‌లో వరసకొకటి రాసి ఆ ఫైల్ చదివిద్దామనుకున్నా. పై నాలుగు, తర్వాత వికటకవి, ఆఖర్న కునుకు. ఎర్రర్ వచ్చింది: ‘చార్‌మ్యాప్ కోడెక్’ ఏదో 0ఎక్స్81 బైట్‌ని చదవలేకపోయిందట, పొజిషన్ 72. కునుకు తీసేస్తే ఎర్రర్ పోయింది కానీ తెలుగు బదులు ఇంగ్లీష్ ‘ఏ’ మీద గీతలు, డిగ్రీ సున్నలు. విండోస్ ల్యాప్‌టాప్. ఫోన్ నుంచి రాస్తున్నా కాబట్టి కోడ్ పెట్టలేను, దయచేసి మాటల్లోనే చెప్పండి.

ఎర్రర్‌గాడు
రెండోదానికి మందు: ఓపెన్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ అని పెట్టి యూటీఎఫ్-8 ఇవ్వండి. అంతే.

పలకాబలపం
పెట్టాను, ఫైల్ చక్కగా వచ్చింది! ధన్యవాదాలు. కానీ కునుకు ఒక్కటే ఎందుకు అడ్డం పడింది? వికటకవి అడ్డం పడలేదే?

గోదారిగట్టు
మేడం, ఈ ప్రశ్న చాలామంది అడగరు, మందు దొరికాక వెళ్ళిపోతారు. అడిగారు కాబట్టి మొత్తం విప్పుతాను.

కంప్యూటర్ ఫైల్లో అక్షరాలు ఉండవు, బైట్లు ఉంటాయి. ఒక్కో బైట్ 0 నుంచి 255 లోపు అంకె. ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్. యూనికోడ్‌లో ‘క’ నంబరు 3093. పైథాన్‌లో ఆర్డ్ అనే ఫంక్షన్‌కి ‘క’ ఇచ్చి చూడండి, అదే వస్తుంది. తిరిగి 3093 సీహెచ్ఆర్‌కి ఇస్తే ‘క’ వస్తుంది. ఇంత పెద్ద అంకె ఒక బైట్‌లో పట్టదు. యూటీఎఫ్-8 దాన్ని మూడు బైట్లుగా విడగొడుతుంది: 224, 176, 149. తెలుగుకి యూనికోడ్ ఇచ్చిన గదులు 3072 నుంచి 3199 వరకు, మొత్తం 128. వీటన్నిటికీ మొదటి బైట్ 224. రెండోది 176 కానీ 177 కానీ.

ఇప్పుడు మీ విండోస్ సంగతి. ఏ ఎన్‌కోడింగో మీరు చెప్పకపోతే పైథాన్ సిస్టమ్ అలవాటుని బట్టి పోతుంది. మీ దాంట్లో అది సీపీ1252, అంటే పశ్చిమ యూరప్ భాషల పట్టిక. అందులో 224 అంటే తల మీద గీత ఉన్న ‘ఏ’. 176 అంటే డిగ్రీ గుర్తు. 177 అంటే ప్లస్-మైనస్. అందుకే తెలుగు పాడైపోయినప్పుడల్లా మనకి ఆ గీత ‘ఏ’లూ డిగ్రీ సున్నలే కనబడతాయి. ఆ వాలకం చూడగానే ‘ఇది యూటీఎఫ్-8 తెలుగు, తప్పు పట్టికతో చదివారు’ అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఇక కునుకు. సీపీ1252 పట్టికలో ఐదు గదులు ఖాళీ: 129, 141, 143, 144, 157. వాటిలో ఏ బైట్ తగిలినా పైథాన్ చేతులెత్తేస్తుంది. కొమ్ము నంబరు 3137, దాని బైట్లు 224, 177, 129. ఆ 129నే ఎర్రర్‌లో 0ఎక్స్81 అన్నారు. వికటకవిలో కొమ్ము లేదు, గుడి ఉంది. గుడి చివరి బైట్ 191, దానికి పట్టికలో తలకిందుల ప్రశ్నార్థకం ఉంది కాబట్టి చెత్తగానైనా చదివేసింది.

లెక్క కూడా సరిపోతుంది చూడండి. మొదటి నాలుగు మాటలూ ఒక్కోటి 9 బైట్లు, వరస మారడానికి 2, వెరసి 44. వికటకవి 21, వరసకి 2. మొత్తం 67. లెక్క సున్న నుంచి మొదలు కాబట్టి 67, 68, 69 ‘క’కి. 70, 71, 72 కొమ్ముకి. పొజిషన్ 72!

ఎర్రర్‌గాడు
అబ్బో. నేను పదేళ్ళుగా ఆ ఎర్రర్ చూస్తున్నా, పొజిషన్ ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

గోదారిగట్టు
ఇంకోటి మర్చిపోయా. పొల్లు బైట్లు 224, 177, 141. ఆ 141 కూడా ఖాళీ గదే. అంటే ఒత్తు ఉన్న ఏ తెలుగు మాటైనా, పొల్లుతో ముగిసే ఏ మాటైనా సీపీ1252లో కూలిపోతుంది. రమ, సీత, గిరిజ దాటేస్తారు. లక్ష్మి, వెంకటేశ్వర్లు, సుబ్బారావు దాటలేరు. ‘కొందరి పేర్లకే ప్రోగ్రాం ఆగిపోతోంది’ అని ఎవరైనా గోల పెడితే ముందు ఇదే చూడాలి.

పాతడీటీపీ
మీరంతా అదృష్టవంతులు. తప్పు పట్టికైనా పట్టికంటూ ఒకటి ఉంది. మేం పేజీలు పెట్టే రోజుల్లో ఒక్కో ఫాంటు ఒక్కో దేశం. ఫైల్లో ఉండేది ఇంగ్లీష్ అక్షరాల నంబర్లే, ఫాంటు మాత్రం వాటి మీద తెలుగు బొమ్మలు గీసేది. తలకట్టుకి ఒక బొమ్మ, ఒత్తుకి ఒక బొమ్మ. ఫాంటు మార్చగానే వార్త కాస్తా గజిబిజి. అలాంటి ఫైళ్ళు నా దగ్గర రెండు బీరువాల నిండా సీడీల్లో ఉన్నాయి. వాటికి డీకోడ్ అనే మాట చెల్లదు, ఫాంటుకో మార్పిడి పట్టిక రాసుకోవాలి. బొమ్మలు రాసిన వరస వేరు, యూనికోడ్ వరస వేరు. ఏత్వం ముందొచ్చి హల్లు తర్వాత వచ్చే ఫాంటులూ ఉన్నాయి. వాటిని తిప్పి పెట్టాలి.

అప్పటికి ప్రభుత్వ ప్రమాణం లేక కాదు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ తెచ్చింది. ఒకే పట్టిక, అన్ని భారతీయ లిపులకీ. అందులో ‘క’ 179. తెలుగు ‘క’ అయినా హిందీ ‘క’ అయినా 179. ఏ లిపిలో చూపించాలన్నది వేరే కోడ్ చెబుతుంది. డీటీపీ షాపుల్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళని నేను చూడలేదు.

తుంగభద్ర
అది పోయినా దాని ఎముకలు యూనికోడ్‌లో ఉన్నాయండీ. మన లిపుల గదులు ఇస్కీ వరస చూసే వేశారు. అందుకే తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. తేడా సరిగ్గా 128. ఏ అక్షరం తీసుకున్నా దాదాపు అంతే. నేను బెంగళూరులో ఉంటాను. మా అత్తగారు కన్నడ చదవగలరు, తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. ఆవిడ కోసం తెలుగు పాటల్ని ఒక్కో అక్షరం నంబరుకీ 128 కలిపి కన్నడ లిపిలోకి మార్చే నాలుగు వరసల ప్రోగ్రాం రాశాను. బ్రహ్మాండంగా నడిచింది. అదే ఊపులో 128 తీసేసి తమిళంలోకి మార్చబోయాను, బోల్తా పడింది. తమిళంలో ఖ, గ, ఘ లేవు కదా, ఆ గదులు ఖాళీ. డబ్బాలు వచ్చాయి.

పలకాబలపం
ఇదంతా పిల్లలకి చెప్పాల్సిందే. కానీ నా వికటకవి ఇంకా అలాగే ఉన్నాడు బాబూ.

గోదారిగట్టు
వస్తున్నా మేడం. బైట్ల సంగతి అయిపోయింది, ఇప్పుడు రెండో మెట్టు. మీకు వికటకవి అంటే వి, క, ట, క, వి. ఐదక్షరాలు. పైథాన్‌ని లెన్ (పొడవు) అడగండి, 7 అంటుంది. దానికి కనబడేది: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిప్పితే గుడి ముందుకొచ్చి, మోయడానికి హల్లు లేక ఒంటరిగా నిలబడుతుంది. గుడి, వ, క, ట, క, గుడి, వ. అసలుతో కలవదు. నటన, జలజల్లో అన్నీ తలకట్టు అక్షరాలే, తలకట్టుకి విడిగా కోడ్ లేదు, అందుకని అవి గట్టెక్కాయి.

ఎర్రర్‌గాడు
‘తెలుగు’ అన్న మాటకి బైట్లు 18, పైథాన్ లెన్ 6, మన కంటికి 3. ఒకే మాటకి మూడు పొడవులు. ‘స్త్రీ’కి ఇంకా ఘోరం. బైట్లు 18, లెన్ 6, అక్షరం ఒక్కటే.

నీటిచుక్క
జావాస్క్రిప్ట్‌లో కూడా తెలుగుకి ఇదే లెక్క వస్తుంది. ఎమోజీ దగ్గర తేడా. ఒక నవ్వు బొమ్మ పైథాన్‌లో 1, జావాస్క్రిప్ట్‌లో 2, ఎందుకంటే అది 16 బిట్ల ముక్కల్ని లెక్కపెడుతుంది.

గోదారిగట్టు
సరే, పరిష్కారం. మాటని తిప్పే ముందు అక్షరాలుగా విడగొట్టాలి. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తుంది. అందులో కేటగిరీ అనే ఫంక్షన్ ఒక్కో కోడ్ ఏ జాతిదో చెబుతుంది. గుణింతం గుర్తులు, సున్న, పొల్లు, వీటన్నిటి జాతి పేరూ ‘ఎమ్’తో మొదలవుతుంది. నియమం ఇంతే:

ఒక్కో కోడ్ వరసగా తీసుకోండి. అది ‘ఎమ్’ జాతిదైతే వెనక అక్షరానికి అంటించండి. కాకపోతే, దాని ముందున్న కోడ్ పొల్లు అయితే, అంటే 3149 అయితే, అప్పుడూ వెనక దానికే అంటించండి, అది ఒత్తు. ఈ రెండూ కాకపోతే కొత్త అక్షరం మొదలు. ఇలా వచ్చిన జాబితాని తిప్పి పోల్చండి.

పలకాబలపం
రాశాను!! మూడుసార్లు తప్పొచ్చి నాలుగోసారి పనిచేసింది. వికటకవి అవును. కునుకు అవును. ముత్యము కూడా అవును, త్య ఒక్క అక్షరంగానే పట్టుకుంది.

చలిదేశం
ఇంత చేత్తో రాయడం ఎందుకండీ? రెజెక్స్ అని బయట మాడ్యూల్ దొరుకుతుంది. అందులో బ్యాక్‌స్లాష్, పెద్ద ఎక్స్ రాస్తే కంటికి కనబడే ముక్కలుగా అదే విడగొడుతుంది. యూనికోడ్ వాళ్ళ ప్రమాణమే అది.

గోదారిగట్టు
తెలుగుకి దాన్ని కళ్ళు మూసుకుని నమ్మకండి. ఆ ప్రమాణంలో 2023 దాకా పొల్లు దగ్గర కోత పడేది. ‘స్త్రీ’ అంటే స్, త్, రీ అని మూడు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చాకే దేవనాగరి, తెలుగు, మలయాళం లాంటి కొన్ని లిపుల్లో ఒత్తులు కలిసి ఒకటిగా రావడం మొదలైంది. మీ లైబ్రరీ పాతదైతే మూడు, కొత్తదైతే ఒకటి. అదే కోడ్, రెండు కంప్యూటర్లలో రెండు జవాబులు.

చలిదేశం
ఓహ్. అందుకేనా మా టెస్టు నా ల్యాప్‌టాప్‌లో పాసై సర్వర్లో ఫెయిలయింది? రెండు రోజులు జుట్టు పీక్కున్నాను.

ఎర్రర్‌గాడు
పైథాన్ సొంత ఆర్‌ఈ మాడ్యూల్ ఇంకో తమాషా. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ‘మాటలో వచ్చే అక్షరం’ అని అర్థం కదా. ‘తెలుగు’లో మాటలు వెతకమంటే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. గుణింతాలు దాని దృష్టిలో అక్షరాలు కావు. ఈజ్‌ఆల్ఫా (అన్నీ అక్షరాలేనా అని) అడిగినా అంతే, ‘తెలుగు’ అక్షరాలు కాదట. మళ్ళీ అదే ‘తెలుగు’ని వేరియబుల్ పేరుగా పెట్టుకోనిస్తుంది! ఇంట్లో వాళ్ళు కాదంటారు, రేషన్ కార్డులో పేరుంటుంది.

పలకాబలపం
హహ. ఒక అనుమానం. పిల్లవాడొకడు ‘పైథాన్’ ఇస్తే పై, థా, న్ అని మూడు చూపించింది. నాకు అది నచ్చలేదు. ఛందస్సులో పొల్లుని విడిగా లెక్కపెట్టం. ముందు అక్షరంతో కలిపి ‘థాన్’ ఒకటే, గురువు. ‘పై’ ఎలాగూ గురువే. కాబట్టి రెండే అక్షరాలు.

గోదారిగట్టు
ఇది నాకు తెలియదండీ, నిజంగా. నేను అక్షరం అంటే ఒకటే నిర్వచనం అనుకున్నాను. అయితే మీకు ఇంకో వరస కావాలి: ముక్క చివర పొల్లు మిగిలితే ఆ ముక్కని ముందు దానికి కలిపేయాలి. ఛందస్సుకి అది వాడండి, మాటల ఆటకి పాతది ఉంచండి. ఏ ప్రమాణ కమిటీ కూడా ఈ సంగతి మీకు తేల్చి చెప్పదు.

నీటిచుక్క
‘పైథాన్’ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. దాని పొడవు ఒక్కోసారి 6, ఒక్కోసారి 7 వస్తుంది. ఎందుకో చెప్పండి చూద్దాం.

ఎర్రర్‌గాడు
చివర స్పేస్?

నీటిచుక్క
కాదు. ఐత్వం! దాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, 3144. లేదా ఎత్వం 3142, కింద వేలాడే ఐత్వపు ముక్క 3158, రెండూ పక్కపక్కన పెట్టొచ్చు. తెర మీద ఒకటే బొమ్మ. పోలిస్తే వేరు. తెలుగు గదులన్నిట్లో ఇలా రెండు రూపాలున్నది ఈ ఒక్క గుర్తుకే. మాక్ పాత ఫైల్ సిస్టమ్ ఫైల్ పేర్లని విడగొట్టి దాచుకునేది. అక్కణ్ణుంచి తెచ్చిన ‘కైకలూరు’ ఫైలు నా లినక్స్‌లో వెతికితే దొరకలేదు, ‘ఏలూరు’ దొరికింది. యూనికోడ్‌డేటాలో నార్మలైజ్ ఉంది, ఎన్ఎఫ్‌సీ అని ఇస్తే రెండూ ఒకటైపోతాయి. బయటి నుంచి వచ్చిన ఏ తెలుగు పాఠాన్నైనా గుమ్మంలోనే ఇలా కాళ్ళు కడిగి లోపలికి రానివ్వాలి.

తుంగభద్ర
దానికంటే కనబడని శత్రువు ఇంకోటి ఉంది. ‘పైథాన్‌లో’ అని రాస్తాం కదా, న పొల్లు, ల విడివిడిగా ఉండేట్టు. మధ్యలో కనబడని కోడ్ ఒకటుంది, 8204. అది తీసేస్తే ‘పైథాన్లో’ అని నకి లావత్తు పడుతుంది. ఒకరు ఇలా టైపు చేస్తారు, ఒకరు అలా. సెర్చ్‌లో ఒకటి వెతికితే రెండోది దొరకదు. మొదలూ చివరా స్పేస్‌లు తీసే స్ట్రిప్ వాడినా అది పోదు, ఎందుకంటే అది స్పేస్ కాదు. నేను వెతికే కాపీలో మాత్రమే దాన్ని తీసేస్తాను. అసలు పాఠంలో మాత్రం ముట్టుకోను.

ఈ 8204 చిన్నదనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు కుప్పకూలాయని గోల జరిగింది గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఈ 8204, దీర్ఘం. ‘జ్ఞా’లో ఇది ఇరుక్కుంది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఆ వారం మన లిపి ప్రపంచమంతా వార్తల్లో ఉంది, సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పాతడీటీపీ
మీ లెక్క ప్రకారం ‘జ్ఞా’ని రెండుగా విడగొడుతుందా గోదారిగట్టు గారూ?

గోదారిగట్టు
మంచి మెలిక పెట్టారు. 8204 జాతి ‘ఎమ్’ కాదు, కాబట్టి నేను చెప్పిన నియమం దాన్ని కొత్త అక్షరం అనుకుంటుంది. ‘పైథాన్‌లో’ కూడా తప్పుతుంది. పొల్లు తర్వాత వచ్చింది కనక 8204 వెనక్కే అంటుకుంటుంది, అది పరవాలేదు. ఆపైన ‘లో’ ముందు పొల్లు లేదు కాబట్టి కొత్త అక్షరం, అదీ సరే. ఆగండి, అంటే ఇది సరిగ్గానే వచ్చింది! తప్పేది ‘జ్ఞా’ ఒక్కటే. 8204నీ ‘ఎమ్’ జాతితో పాటు వెనక్కి అంటించేయండి, రెండూ కుదురుతాయి.

చలిదేశం
డేటాబేస్ వాడేవాళ్ళకి ఒక మాట. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పాత పేరుతో ఉన్నది మూడు బైట్ల దాకానే. తెలుగుకి మూడే కాబట్టి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. ఎవరో దండం ఎమోజీ పెట్టగానే ఎర్రర్, అది నాలుగు బైట్లు. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోవాలి. కాలమ్ లాటిన్1గా ఉంటే ఇంకా అన్యాయం. నేను మొదట పనిచేసిన చోట వేల పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. గీత ‘ఏ’లూ డిగ్రీ సున్నలూ అయితే బైట్లు ఇంకా బతికే ఉన్నాయి, తిరగేసి డీకోడ్ చేస్తే చాలాసార్లు తెలుగు తిరిగొస్తుంది. ప్రశ్నార్థకం పడిందంటే పోయినట్టే. ఫారాలు తీసి చేత్తో మళ్ళీ ఎక్కించాం.

పలకాబలపం
మార్కుల జాబితా కూడా దీంతోనే చేద్దామని ఆశ పుట్టింది. సీఎస్‌వీగా రాసి ఎక్సెల్‌లో తెరిస్తే మళ్ళీ డిగ్రీ సున్నలు! యూటీఎఫ్-8 ఇచ్చాను కదా?

ఎర్రర్‌గాడు
ఎక్సెల్‌కి చెప్పాలి మేడం. రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ ఇవ్వండి. ఫైల్ మొదట్లో 239, 187, 191 అని మూడు బైట్లు పెడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ గుర్తుపడుతుంది. తిరిగి పైథాన్‌లో చదివేటప్పుడూ సిగ్ తోనే చదవండి. లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందు కనబడని కోడ్ ఒకటి తగులుకుని, ‘పేరు’ అనే కాలమే లేదంటుంది.

నీటిచుక్క
పైథాన్ 3.15 నుంచి ఏమీ చెప్పకపోయినా యూటీఎఫ్-8నే తీసుకుంటుంది. అయినా రాయడం అలవాటు చేసుకోండి, స్కూల్ ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉంటుందో ఎవరికి తెలుసు.

పలకాబలపం
మార్కులు వచ్చాయి. వరసలో పెడితే మాత్రం కలప, కళ, కవి అని పెట్టింది. మన వర్ణమాలలో ‘ళ’ హ తర్వాత కదా?

తుంగభద్ర
అది కోడ్ నంబర్ల వరస. ల 3122, ళ 3123, వ 3125. ఱ కూడా ర పక్కనే కూర్చుంది, 3121. మీకు కావలసిన వరసలో అక్షరాలన్నీ ఒక స్ట్రింగ్‌గా రాసుకుని, సార్టెడ్‌కి కీ ఇచ్చేటప్పుడు అందులో ఎన్నోదో చూడమనండి. క్ష ఒకటి తలనొప్పి, అది క, పొల్లు, ష కాబట్టి ‘క’ల్లోకి పోతుంది.

పాతడీటీపీ
‘క్ష’ని ‘క’లో పెట్టినందుకు మా హెడ్డు గారు నన్ను తిట్టింది 1980ల్లో. ఇప్పుడు కంప్యూటర్‌ని తిట్టండి.

పలకాబలపం
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న క్లాసులో ఆట పెట్టాను. వికటకవి దగ్గర చప్పట్లు కొట్టారు. ఒకడు అంకె అడిగిన చోట ౧౨ అని తెలుగు అంకెలు కొట్టాడు, పైథాన్ చక్కగా పన్నెండుగా తీసుకుంది, నాకే ఆశ్చర్యం వేసింది. ఇంకొకడు పది రాస్తూ ౧ పక్కన ౦ బదులు మాటల్లో పెట్టే సున్న కొట్టి ఎర్రర్ తెచ్చుకున్నాడు. తెర మీద రెండూ ఒకేలా ఉన్నాయి మరి.

ఆఖరి బెంచీ వాళ్ళు ‘కిటికీ’ తెచ్చారు. కాదంది. మీ ప్రోగ్రాం తప్పు టీచర్ అని గొడవ. మొదటిది హ్రస్వం, చివరిది దీర్ఘం అని బోర్డు మీద రాసి చూపించాల్సి వచ్చింది. ఇవాళ పొద్దున్నే ఒకమ్మాయి వచ్చి, దీర్ఘాలన్నీ హ్రస్వాలు చేసి పోల్చే ఇంకో బటన్ పెట్టమంటోంది. అది ఎలా చేయాలో చెబుతారా?

ఎర్రర్‌గాడు
ఆ అమ్మాయినే ఇక్కడ అకౌంట్ తెరవమనండి మేడం.